వేళ్లు నీళ్లలో, మొదలు గాలిలో: పెరటి కొలను ప్రశ్నలు

కుండీల్లో పెరిగే మనీ ప్లాంట్, సింగోనియం, పీస్ లిల్లీ లాంటి మొక్కల్ని పెరట్లోని చేపల కొలనులో పెంచడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. మొక్కలు వేరైనా, సగం ప్రశ్నల వెనక ఉన్న పొరపాటు ఒక్కటే: మొక్కను నీళ్లలోకి మరీ లోతుగా దించేయడం.

ప్రశ్న: మా కొలను 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, 60 సెం.మీ. లోతు. గోల్డ్ ఫిష్ ఉన్నాయి. కుండీలో గుబురుగా ఉన్న పీస్ లిల్లీని మట్టి కడిగి కొలనులో పెడితే రెండు వారాల్లో మొదలు మెత్తబడి కుళ్లిపోయింది. అదే కొలనులో వేసిన మనీ ప్లాంట్ తీగ ముక్క మాత్రం నవనవలాడుతోంది. తేడా ఎక్కడ?

జవాబు: మీ పీస్ లిల్లీ ఊపిరాడక చచ్చిపోయింది. మట్టిలో పుట్టిన వేరు మట్టి రేణువుల సందుల్లో ఉండే గాలి మీద బతుకుతుంది. నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ చాలా కొంచెం. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. ఆ మాత్రం గాలి పాత వేళ్లకు చాలదు. అవి చచ్చి మెత్తబడతాయి, ఆ కుళ్లు పైకి పాకి మొదలును పట్టుకుంటుంది. నీటిలోనే కొత్తగా పుట్టిన వేరు సంగతి వేరు. అది తెల్లగా ఉంటుంది, దాని లోపల సన్నని గాలి దారులు ఉంటాయి, ఆకుల వైపు నుంచి దిగే గాలి వాటి గుండా వేరు కొస దాకా చేరుతుంది. మనీ ప్లాంట్ ముక్కకు కుళ్లడానికి పాత వేళ్లే లేవు. వేసుకున్నవన్నీ నీటి వేళ్లే.

రెండో కారణం లోతు. పీస్ లిల్లీ ఆకులన్నీ ఒకే చోటి నుంచి లేస్తాయి. ఆ మొదలు నీటి మట్టానికి కనీసం 2, 3 సెం.మీ. పైన ఉండాలి. వేళ్లు ఎంత మునిగినా పరవాలేదు, మొదలు మునగకూడదు.

మళ్లీ పెట్టేటప్పుడు మొక్కను నేరుగా కొలనులోకి దించకండి. మట్టిని పూర్తిగా కడిగి, గోధుమ రంగు తిరిగిన మెత్తటి వేళ్లన్నీ తీసేసి, బాగున్నవాటిని సగానికి కత్తిరించండి. వేళ్ల కొసలు మాత్రమే తడిసేలా బకెట్‌లో నీళ్లు పోసి నీడలో రెండు వారాలు ఉంచండి. రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. తెల్లటి కొత్త వేళ్లు 3, 4 సెం.మీ. వచ్చాకే కొలనుకు వెళ్లాలి. ఈ రెండు వారాలకు ఇంకో ప్రయోజనం కూడా ఉంది. నర్సరీ కుండీల్లో నెమ్మదిగా కరిగే ఎరువు గుళికలు ఉంటాయి, ఆకుల మీద పురుగుమందు ఉండొచ్చు. పైరెత్రాయిడ్ రకం మందులు చేపలకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. అందుకే ఆకుల్ని రెండు వైపులా కడగండి, బకెట్ నీళ్లు కొలనులో కాకుండా వేరే చోట పారబోయండి.

బుట్ట విషయానికొస్తే, పక్కలంతా చిల్లులున్న 10–12 సెం.మీ. ప్లాస్టిక్ బుట్ట చాలు. కాల్చిన మట్టి గుళికలు పొడిగా ఉన్నప్పుడు తేలతాయి. వాటిని ముందు రోజు రాత్రి నానబెట్టి, మట్టి నీళ్లు రావడం ఆగేదాకా కడిగి, బుట్టలో అడుగున గులకరాళ్లు, పైన గుళికలు వేస్తే బుట్ట నిలబడుతుంది. రాళ్లు మాత్రం చేప నోటికంటే పెద్దవిగా ఉండాలి. గోల్డ్ ఫిష్ అడుగున దొరికినదల్లా నోట్లో వేసుకుని నములుతుంది, నోటికి సరిగ్గా సరిపోయే రాయి అక్కడే ఇరుక్కుంటుంది. బుట్టలో అడుగు మూడో వంతు మాత్రమే నీటిలో ఉండేలా అంచుకు వేలాడదీయండి, లేదా ఎత్తు పీట మీద నిలపండి. పీట కోసం కొత్త సిమెంటు దిమ్మెలు వాడొద్దు. వాటి సున్నం నీటిలోకి దిగి పీహెచ్‌ను, అంటే నీటి క్షార గుణాన్ని, పెంచుతుంది. బోర్లించిన ప్లాస్టిక్ క్రేటు మంచిది.

ప్రశ్న: ఏ ఇంటి మొక్కలు కొలనులో నిలుస్తాయి? వేటిని ప్రయత్నించడం దండగ?

జవాబు: తీగ జాతితో మొదలుపెట్టండి: మనీ ప్లాంట్, సింగోనియం, ఫిలోడెండ్రాన్. కాండం మీద కణుపు దగ్గర బొడిపెలా కనిపించే గాలి వేరు నీటిని తాకగానే పెరుగుతుంది. కణుపు లేని ఆకు ముక్క నెలల తరబడి పచ్చగా ఉండొచ్చు గానీ మొక్క కాదు. రెండు మూడు కణుపులున్న ముక్క తీసుకుని కింది కణుపు మాత్రమే ముంచండి, నీటిలో మునిగే ఆకును తుంచేయండి. వెచ్చటి నీటిలో రెండు నుంచి నాలుగు వారాల్లో వేళ్లొస్తాయి. మాన్‌స్టెరా కూడా ఇలాగే వస్తుంది, కానీ పెరిగే కొద్దీ దాని బరువుకు ఊతం కావాలి.

స్పైడర్ ప్లాంట్ పిల్ల మొక్కలు, పీస్ లిల్లీ, అగ్లోనిమా, లక్కీ బాంబూ వేళ్లు మాత్రమే తడిసేలా పెడితే బాగుంటాయి. లక్కీ బాంబూ ఎండకు ఆగదు. కోలియస్, ట్రాడెస్కాన్షియా వారంలోనే వేళ్లు వేస్తాయి గానీ త్వరగా సాగి వికారంగా తయారవుతాయి, వాటిని కొసలు తుంచి మళ్లీ మళ్లీ నాటుకోవాలి.

పూర్తి ఎండ పడే కొలనైతే ఈ జాబితాను పక్కన పెట్టి మెట్టతామర, చేమ, గొడుగులా ఆకులు విచ్చుకునే సైపెరస్‌ల వైపు వెళ్లండి. ఇవి పుట్టుకతోనే తడి నేల మొక్కలు, మొదలు మునిగినా తట్టుకుంటాయి, నీటిలోని పోషకాలను లాగడంలో మనీ ప్లాంట్ కంటే చాలా ముందుంటాయి. మా సలహా అడిగితే, ప్రతి కొలనులోనూ వీటిలో ఒకటైనా ఉండాలి.

కాక్టస్, కలబంద, జడ్ జడ్ ప్లాంట్ వద్దు. ఇవి ఆకుల్లోనో దుంపల్లోనో నీళ్లు దాచుకునే మొక్కలు, కొలనులో కుళ్లిపోతాయి. స్నేక్ ప్లాంట్ ముక్క నీటిలో వేళ్లు వేస్తుంది నిజమే, అయినా దాని మొదలు తడిలో ఎక్కువ కాలం నిలవదు.

నీడలో ఉన్న మొక్కను ఒక్కసారిగా ఎండలోకి తేవద్దు. ఆకుల మీద తెల్లటి, ఎండిన మచ్చలు పడతాయి, అవి మళ్లీ పచ్చబడవు. 50 శాతం షేడ్ నెట్ కింద పది రోజులు ఉంచి, ఉదయపు ఎండతో మొదలుపెట్టి అలవాటు చేయండి.

ప్రశ్న: కోయి చేపలు ఏ మొక్క పెట్టినా వేళ్లు కొరికేస్తున్నాయి, బుట్టలు తిరగేస్తున్నాయి. థర్మోకోల్ పలక మీద తేలేలా పెడితే దాన్నీ కొరికాయి.

జవాబు: థర్మోకోల్‌ను ఈరోజే తీసేయండి. చేపలు మింగిన ముక్కలు అరగవు.

పీవీసీ పైపుతో తెప్ప కట్టుకోవచ్చు. 50 మి.మీ. పైపు నాలుగు ముక్కలు, ఒక్కోటి 60 సెం.మీ., నాలుగు ఎల్బోలు. కీళ్లన్నీ పీవీసీ పైపుల జిగురుతో (సాల్వెంట్ సిమెంట్) అతికించి ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత నీటిలో నొక్కి పట్టి చూడండి. ఎక్కడ బుడగ వచ్చినా ఆ కీలును మళ్లీ అతికించాలి. ఈ లావు పైపు మీటరుకు దాదాపు 2 లీటర్ల నీటిని పక్కకు నెడుతుంది. పైపు బరువు పోను మీటరుకు కిలోన్నర దాకా మోయగలదు, కానీ అప్పుడు తెప్ప మొత్తం మునిగిపోతుంది. అందులో సగమే లెక్క వేసుకోండి, అంటే ఈ చట్రానికి రెండు కిలోలకు మించకుండా. తడిసిన గులకరాళ్ల బుట్ట ఒక్కటే కిలో తూగుతుంది కాబట్టి తెప్ప మీద రాళ్లు లేకుండా, మొక్కను స్పాంజి ముక్కతో బుట్ట మెడలో బిగించడం మేలు. చట్రం కింద 6–10 మి.మీ. కన్నాలున్న గట్టి ప్లాస్టిక్ జాలిని అరచేతి లోతు సంచిలా వేలాడగట్టండి. వేళ్లు సంచిలోనే ఉంటాయి. జాలి దాటి వచ్చిన కొసల్ని చేపలు కొరికినా నష్టం లేదు. జాలి కన్నాల్లో చిన్న చేప తల దూరి ఇరుక్కోకుండా చూసుకోండి.

పెద్ద కోయిలుంటే తెప్పకంటే మంచి మార్గం మొక్కల్ని చేపలకు అందకుండా వేరే తొట్టిలో పెట్టడం. కొలను పక్కన, కాస్త ఎత్తులో ఒక తొట్టి. అడుగున చిల్లులు పెట్టిన పైపు, దాని మీద 30 సెం.మీ. మందాన 8–10 మి.మీ. గులకరాళ్లు, వాటిలో మొక్కలు. పంపు కొలను నీటిని అడుగు పైపులోకి నెడితే అది రాళ్ల గుండా పైకి వచ్చి తిరిగి కొలనులోకి పొర్లుతుంది. అడుగున బురద కడగడానికి ఒక వాల్వు తప్పకుండా పెట్టుకోండి. అది లేకపోతే ఏడాదో రెండేళ్లో రాళ్లు బిగుసుకుపోయి అన్నీ తవ్వి తీయాల్సి వస్తుంది.

ప్రశ్న: మొక్కలు నీటిని శుభ్రం చేస్తాయంటారు కదా. ఫిల్టర్ తీసేయొచ్చా?

జవాబు: తీయకండి. లెక్క వేసి చూద్దాం. 35 శాతం మాంసకృత్తులున్న మేత 100 గ్రాములు వేస్తే అందులో 35 గ్రాముల మాంసకృత్తు ఉంటుంది. మాంసకృత్తులో 16 శాతం నత్రజని, అంటే 5.6 గ్రాములు. అందులో కొంత చేప ఒంటికి పట్టి, మిగిలిన ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియాగా, కొంత పేడగా నీటిలోకి వస్తుంది. ఇటు చూస్తే, పచ్చి ఆకులో పదింట తొమ్మిది వంతులు నీరే. కిలో పచ్చి ఆకులు, తీగలు కత్తిరించి బయట పడేస్తే కొలను నుంచి పోయే నత్రజని 3, 4 గ్రాములు. అంటే వేసే ప్రతి 100 గ్రాముల మేతకు దాదాపు కిలో పచ్చి తీగ కొలను దాటి పోవాలి. అంచున వేలాడే నాలుగు తీగలతో అది అయ్యే పని కాదు.

ఈ లెక్కలో ఇంకో సంగతి ఉంది. మొక్క లాగిన నత్రజని ఆకులోనే ఉంటుంది. ఆ ఆకు పండి నీటిలో రాలితే అంతా మళ్లీ కొలనులోకే. కత్తిరించి తీసేసినప్పుడే శుభ్రం అయినట్టు. నెలకోసారి మూడో వంతు తీగ కత్తిరించండి, పసుపు ఆకుల్ని కనిపించిన రోజే తీసేయండి.

ఫిల్టర్‌లోని బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషాలు. మూడోది చాలా తక్కువ హాని చేస్తుంది, అది మొక్కలకు ఆహారం. కాబట్టి రెండూ ఉండాలి. పరీక్ష కిట్‌తో వారానికోసారి చూడండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. అమ్మోనియా విషం పీహెచ్‌ను బట్టి మారుతుందని గుర్తుంచుకోండి. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో ఒక శాతంకంటే తక్కువే విష రూపంలో ఉంటుంది, 8 దగ్గర 5 శాతం, 9 దగ్గర మూడో వంతుకు పైనే. పచ్చ నీళ్ల కొలనులో మధ్యాహ్నానికి పీహెచ్ 9కి చేరడం మామూలే, కనుక కొలతలు సాయంత్రం కూడా తీయండి.

ప్రశ్న: చేపల ఎరువు దండిగా ఉన్నా కొలనులోని సింగోనియం కొత్త ఆకులు తెల్లబడుతున్నాయి. ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. పాత ఆకుల అంచులు మాడుతున్నాయి.

జవాబు: ఇవి రెండు వేర్వేరు లోపాలు. కొత్త ఆకులో ఈనెల మధ్య పచ్చదనం పోవడం ఇనుము లోపం. పాత ఆకు అంచు మాడడం పొటాషియం లోపం. చేపల మేతలో నత్రజని, భాస్వరం సరిపడా ఉంటాయి, ఇనుము, పొటాషియం తక్కువ. పైగా పీహెచ్ 7 దాటితే ఉన్న ఇనుము కూడా మొక్కకు అందని రూపంలోకి మారిపోతుంది.

ఇనుమును చీలేట్ రూపంలో, అంటే దాన్ని నీటిలో కరిగిన స్థితిలోనే పట్టి ఉంచే సమ్మేళనంగా, ఇవ్వాలి. ఈడీటీఏ రకం పీహెచ్ ఆరున్నర దాటాక పనిచేయదు. డీటీపీఏ ఏడున్నర దాకా పనికొస్తుంది. అంతకంటే ఎక్కువైతే ఈడీడీహెచ్ఏ, కానీ అది నీటిని ఎర్రగా చేస్తుంది. 11 శాతం ఇనుమున్న డీటీపీఏ 10 గ్రాములు 1000 లీటర్లకు వేస్తే లీటరుకు సుమారు ఒక మిల్లీగ్రాము అవుతుంది. మూడు వారాలకోసారి చాలు. పొటాషియానికి 1000 లీటర్లకు 20–25 గ్రాముల పొటాషియం సల్ఫేట్, లీటరుకు 10 మిల్లీగ్రాముల పొటాషియం అవుతుంది. దేన్నైనా బకెట్‌లో కరిగించి, పంపు నీళ్లు పడే చోట నెమ్మదిగా పోయండి. మాడిన ఆకు బాగుపడదు, కొత్తగా వచ్చే ఆకును చూసి ఫలితం తేల్చుకోండి.

మార్కెట్లో దొరికే సూక్ష్మపోషకాల మిశ్రమం కొలనులో వేయకండి. అందులో ఉండే రాగి చేపలకు, అంతకంటే ఎక్కువగా నత్తలకు ప్రమాదం. యూరియా సంగతి చెప్పనక్కర్లేదు, అది నీటిలో అమ్మోనియాగా మారుతుంది.

ప్రశ్న: కొలను మీది మెట్టతామరకు పేనుబంక పట్టింది. వేప నూనె కొట్టొచ్చా?

జవాబు: కొలను మీద ఏ మందూ కొట్టొద్దు, వేప నూనె అయినా సబ్బు నీళ్లయినా. గొట్టంతో నీళ్లు గట్టిగా కొట్టి పురుగుల్ని నీటిలో పడేయండి, చేపలు తినేస్తాయి. మూడు రోజులకోసారి, మూడు నాలుగు సార్లు. పిండినల్లి అలా పోదు. బుట్టను బయటికి తీసి, దూరంగా తుడిచి, మందు పెట్టి, బాగా కడిగి, వారం తర్వాతే తిరిగి పెట్టండి.

ప్రశ్న: మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా విష మొక్కలంటారు. చేపలకు ప్రమాదమా?

జవాబు: ఈ కుటుంబపు మొక్కల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. కొరికితే నోరు మండుతుంది. అవి నీటిలో కరగవు, కాబట్టి బతికున్న వేళ్లు నీటిలో ఉన్నంత మాత్రాన చేపలకు ఏమీ కాదు. కోసిన చోట కారే పాలు మాత్రం కొలనులో పడనివ్వకండి. ముక్క కోసి, పారే నీటిలో కడిగి, కోత ఆరడానికి రెండు మూడు గంటలు ఆగి పెట్టండి. చిన్న పిల్లలు, కుక్కలు, పిల్లులు తిరిగే ఇంట్లో డిఫెన్‌బాకియా అసలు వద్దు.

నిజంగా భయపడాల్సినవి వేరే ఉన్నాయి. గన్నేరు, ఎడారి గులాబీ గుండెకు పనిచేసే విషం ఉన్న మొక్కలు. వాటి ఆకులు, పూలు కూడా కొలనులో రాలకూడదు. పాలు కారే యూఫోర్బియా జాతి మొక్కలూ అంతే. ఇవి గట్టు పక్కన ఉంటే కుండీ దూరం జరపండి.

ప్రశ్న: మొక్కలు బాగా గుబురైన తర్వాత తెల్లవారుజామున చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మొక్కలు గాలి ఇస్తాయి కదా?

జవాబు: మీ మొక్కల ఆకులు గాలిలో ఉన్నాయి, అవి ఇచ్చే ఆక్సిజన్ గాలిలోకే పోతుంది. నీటిలో ఉన్న వేళ్లు, వాటి మధ్య చిక్కుకున్న కుళ్లు, నాచు, చేపలు రాత్రంతా ఆక్సిజన్ వాడుకుంటాయి, అందుకే తెల్లవారే వేళకు అది అట్టడుగుకు చేరుతుంది. ఈ రాత్రి నుంచే ఎయిర్ పంపు పెట్టి, పొద్దున దాకా నడపండి. తర్వాత వేళ్ల గుబురును ఎత్తి చూడండి. లోపల నల్లగా, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంటే అక్కడ నీళ్లు ఆడడం లేదు. వేళ్లను ఒక్కసారే గొరగకండి, మొక్క వాడిపోతుంది. నెలకు మూడో వంతు చొప్పున కత్తిరించి, చిక్కును బకెట్ నీళ్లలో జాడించండి. నీటి పైభాగంలో సగానికి మించి మొక్కలు కప్పకూడదు.

ప్రశ్న: చేపలున్నా దోమ పిల్లలు కనిపిస్తున్నాయి.

జవాబు: దట్టమైన వేళ్ల లోపల, బుట్టల పై అంచుల్లో నిలిచిన నీళ్లలో చూడండి. చేప దూరలేని చోటే అవి పెరుగుతాయి. వేళ్లు పలచన చేయండి, బుట్టను గుళికలతో అంచు దాకా నింపండి, తెప్ప మూలల్లో నీళ్లు నిలవకుండా చేయండి. పెద్ద గోల్డ్ ఫిష్ కంటే గప్పీలు వాటిని బాగా వెతికి తింటాయి.

ప్రశ్న: చేపలకు జబ్బు చేస్తే కొలనులో ఉప్పు వేయమన్నారు. మొక్కలు తట్టుకుంటాయా?

జవాబు: చేపలకు వాడే మోతాదు సాధారణంగా లీటరుకు 3 గ్రాములు. ఇంటి మొక్కలు ఒక గ్రాము దాటితేనే ఆకు కొసలు మాడ్చుకుంటాయి. జబ్బు చేప ఒకటో రెండో ఉంటే వాటిని వేరే తొట్టిలో పెట్టి ఉప్పు అక్కడే వేయండి. కొలను మొత్తానికి వేయక తప్పదంటే ముందే మొక్కల బుట్టలన్నీ బకెట్లలోకి మార్చండి. ఉప్పు ఆవిరైపోదు. తరిగిన నీళ్లు ఎన్నిసార్లు నింపినా ఉప్పు అంతే ఉంటుంది, నీళ్లు తీసి పోసినప్పుడే తగ్గుతుంది. మూడు గ్రాముల నీటిని సగం మారిస్తే ఒకటిన్నర, ఇంకోసారి సగం మారిస్తే ముప్పావు గ్రాము. ఆ రెండు మార్పుల మధ్య మూడు నాలుగు రోజుల ఎడం ఉంచండి, కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ముందే తొలగించండి. తర్వాత మొక్కలు తిరిగి పెట్టొచ్చు.

ప్రశ్న: కొలనులో బాగా పెరిగిన మనీ ప్లాంట్‌ను మళ్లీ కుండీలోకి మార్చొచ్చా? కత్తిరించిన తీగలు పక్కనున్న వాగులో వేస్తే సరిపోతుందా?

జవాబు: మార్చొచ్చు. కాకపోతే నీటి వేళ్లు మట్టిలో సరిగా పనిచేయవు. పొడుగు వేళ్లను 5 సెం.మీ.కు కుదించి, కొబ్బరి పొట్టు ఎక్కువగా ఉన్న మిశ్రమంలో నాటి, మొదటి రెండు వారాలు ఎప్పుడూ తడిగా, నీడలో ఉంచి, తర్వాత తడి తగ్గిస్తూ రండి. చలి ప్రాంతాల వాళ్లకు ఈ పని ఎలాగూ తప్పదు. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగకముందే ఈ మొక్కలు ఇంట్లోకి రావాలి.

వాగులో మాత్రం ఒక్క కణుపు కూడా వేయొద్దు. కణుపున్న ప్రతి ముక్కా కొత్త మొక్కే. గుర్రపుడెక్క చెరువుల్ని ఎలా కమ్మేసిందో చూస్తూనే ఉన్నాం. కత్తిరించిన తీగల్ని ఎండలో కరకరలాడేదాకా ఎండబెట్టి, ఆ తర్వాతే కంపోస్టు గుంటలో వేయండి. పచ్చిగా వేస్తే అక్కడే మొలుస్తాయి.